కావున తమరు దయతలచి

ఇంటి నుంచి, తాతయ్య రాతబల్ల దగ్గర
వానలు మొదలైన వారం

మహారాజశ్రీ పూజ్యులైన పెద్దమ్మగారి దివ్య సముఖమునకు,

తమ చెల్లెలి కుమార్తె సవినయముగా విన్నవించుకొనునది ఏమనగా...

పెద్దమ్మా, పైన ఉన్నవేవీ నేను చెప్పలేదు. నేను చెప్పింది "పెద్దమ్మా, ఎలా ఉన్నావ్?" అంతే. నేను నోరు మూసేలోపే తాతయ్య కలం అంత దూరం పరిగెత్తింది. కొట్టెయ్ అన్నాను. "కొట్టివేతలున్న అర్జీ ఏ ఆఫీసులోనూ తీసుకోరు" అన్నాడు. ఇది ఆఫీసుకి కాదు, పెద్దమ్మకి అన్నాను. "మీ పెద్దమ్మ నా కూతురు. దానికన్నా ఆఫీసే నయం" అన్నాడు. అది కూడా రాయి అన్నాను. రాశాడు చూడు, పాపం.

నువ్వు కొత్త బడికి టీచరుగా వెళ్తూ ఏం చెప్పావో గుర్తుందిగా. ఫోన్ చేస్తే తియ్యను, ఉత్తరాలు చెప్పి రాయించు, నీకూ మీ తాతయ్యకీ అదే ప్రాక్టీసు అన్నావు. పరీక్షలో ప్రశ్న ఆయన చదవాలి, జవాబు నేను చెప్పాలి, చెప్పింది చెప్పినట్టు ఆయన రాయాలి. వినడానికి ఎంత సులువుగా ఉంది! కానీ జీవితమంతా ఆఫీసు గేటు బయట గొడుగు కింద కూర్చుని జనానికి అర్జీలు రాసిపెట్టిన మనిషాయె. "మా వీధిలో దీపం వెలగట్లేదండీ" అని ఎవరైనా వస్తే, "అంధకారబంధురమై, ఆబాలగోపాలమూ అవస్థ పడుచు" అని రాసిచ్చినవాడాయె. ఆ చెయ్యి ఊరికే ఉంటుందా?

(దీపము వారము తిరగకుండా వెలిగినది. —రైటరు)

చూశావా? ఇలా మధ్యలో దూరుతున్నాడు.

ఇక బడి సంగతి. కొత్త క్లాస్ టీచర్ నా డిస్లెక్సియా కాగితాలు చూసి, అందరి ముందూ "నీకు అక్షరాలు గంతులేస్తాయా అమ్మా?" అని అడిగారు. "లేదు టీచర్, బుద్ధిగానే కూర్చుంటాయి. ఒక్కోదాని శబ్దం పట్టుకుని, పక్కదానితో కలిపి, మాట చేసేసరికి మీరు పేజీ తిప్పేస్తారు" అన్నాను. క్లాసంతా నవ్వింది. ఆవిడా నవ్వారు, కానీ అప్పటినుంచి పేజీ తిప్పేముందు నావైపు చూస్తున్నారు.

హెడ్ మేడమ్ మాత్రం నవ్వే మనిషి కాదు. అర్ధసంవత్సరం పరీక్షలో మమ్మల్ని ఓ కంట కనిపెడతారట. రైటర్ సొంత మాట ఒక్కటి దొరికినా సంవత్సరం చివరి పరీక్ష నా చేత్తో నేనే రాసుకోవాలట. నా చేత్తో నేను రాస్తే ఏమవుతుందో పోయినేడాది చూశాం. జవాబులన్నీ నోట్లోనే ఉండిపోయాయి, నేను అదే తరగతిలో ఉండిపోయాను. ఈసారి కూడా తప్పితే ఈ బడిలో ఉంచరు. అమ్మకి పరీక్షలప్పుడు కుట్టుపని దుకాణం వదిలి రావడం కుదరదు. సైన్సు తెలియని పెద్దమనిషి అయితేనే ఒప్పుకుంటానన్నారు మేడమ్. ఆ అర్హత మన తాతయ్యకి పుష్కలంగా ఉంది.

(ఈ వాక్యముపై రైటరుకు అభ్యంతరము కలదు.)

ఇట్లు తమ విధేయురాలు (ఇదీ నేను చెప్పలేదు),
నీ వసపిట్ట


మెట్ల కింద గది, కొత్త బడి
ముసురు పట్టిన సాయంత్రం

ఒసే వసపిట్టా,

నీ ఉత్తరం చదివి ఒక్కదాన్నే పగలబడి నవ్వుకుంటుంటే, బల్ల కింద నుంచి "ఏమైంది?" అని ఓ గొంతు వినిపించింది. ఆ బల్ల కింద నా కొత్త శిష్యుడు ఉంటాడు. క్లాసులో గోల వినలేక చెవులు మూసుకుని ఏడ్చే పిల్లాడు. కుర్చీలో కూర్చోమంటే నోరు విప్పడు, బల్ల కిందైతే ఎక్కాలన్నీ గడగడా చెప్తాడు. అందుకని నేనూ కిందే కూర్చుని పాఠం చెప్తున్నాను. మొన్న తనిఖీకి వచ్చినాయన గదంతా వెతికి, టీచర్ లేదని రాసుకుని పోబోయాడు. నేను కింద నుంచి "ఉన్నానండీ" అన్నాను. పాపం, ఆయన గుండె ఆగినంత పనైంది.

నాకిచ్చిన గది అంతకుముందు విరిగిన కుర్చీల కొట్టు. ఇప్పుడు కుర్చీలు పోయి నేనొచ్చాను. తేడా ఏమీ లేదని వంటావిడ అంటోంది.

సరే, పనిలోకి. నువ్వు చెప్పేటప్పుడు పొట్టి వాక్యాలు చెప్పు. ఒకటి రాయడం అయ్యాకే ఇంకొకటి. మార్చాలనుకుంటే "మారుస్తున్నాను" అని పైకి అను. తడబడితే ఆగు. ఆగడం తప్పు కాదు, నీకిచ్చే అదనపు సమయం అందుకే.

నాన్నా, ఇక్కడి నుంచి నీకు. గట్టిగా చదువు, అది కూడా వినాలి. పరీక్షలో నువ్వు కనుబొమ్మ ఎగరెయ్యకూడదు. దగ్గకూడదు. "ఊఁ?" అనకూడదు. అది ఏం చెప్తే అది రాయాలి. చిన్నప్పుడు నాకు జ్వరమొస్తే నువ్వు రాసిచ్చిన సెలవు చీటీ గుర్తుందా? చదివి మా టీచరు కళ్ళు తుడుచుకుంటూ పరామర్శకి ఇంటికొచ్చింది. అప్పుడు నేను తాడాట ఆడుతున్నాను. అలాంటిది ఇంకోటి జరిగితే ఈసారి నష్టపోయేది పిల్ల.

మీ పెద్దమ్మ


ఇంటి నుంచి, తాతయ్య రాతబల్ల దగ్గర
అర్ధసంవత్సరం పరీక్షల మర్నాడు

పెద్దమ్మా,

కొంప మునిగింది.

సైన్సు పరీక్షలో ఒక ప్రశ్న. మొక్కకి వెలుతురు లేకపోతే ఏమవుతుంది? నేను చెప్పింది: "ఆకులు పాలిపోతాయి. మొక్క ఆహారం తయారు చేసుకోలేదు." ఎంత బాగుంది చెప్పు! తాతయ్య రాసింది హెడ్ మేడమ్ తన గదిలో మా ఇద్దరినీ నిలబెట్టి పైకి చదివారు. "ఆకులు పాలిపోయి, ఆహారము తయారు చేసుకొనజాలక, సదరు మొక్క దిక్కుతోచని స్థితిలో నుండును. కావున తమరు దయతలచి వెలుతురు ఇప్పించవలసినదిగా ప్రార్థన."

మేడమ్ నవ్వారు పెద్దమ్మా. నవ్వని మనిషి కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. హమ్మయ్య, గట్టెక్కాం అనుకున్నాను. అప్పుడు కళ్ళజోడు పెట్టుకుని అడిగారు. "ఇందులో నీవి ఏవి, మీ తాతయ్యవి ఏవి? ఇవాళ కావున రాసిన చెయ్యి రేపు జవాబు రాయదని నాకేం నమ్మకం? మిగతా పిల్లలకి నేనేం చెప్పను?"

అడిగింది న్యాయమే. అదే నాకు ఎక్కువ ఏడుపు తెప్పించింది. పేపరంతా సరైన జవాబులే, ఒక్కటీ లెక్కలోకి రాదు.

తాతయ్య ఇంటికొచ్చి గొడుగు తెరిచే ఉంచి గడపలోంచి లోపలికి రాబోయి, ఇరుక్కుపోయాడు. అది చూసి నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

(తప్పు నాది. ఎవరైనా తన కష్టము చెప్పుచుండగా దానిని వట్టిగా వదిలిపెట్టుట నా చేతికి తెలియదు. —రైటరు)

నీ వసపిట్ట


మెట్ల కింద గది
వారం తర్వాత

వసపిట్టా,

ఈ ఉత్తరం పెద్ద అక్షరాలతో, వరసల మధ్య ఖాళీ వదిలి రాస్తున్నాను. వీలైతే నువ్వే చదువుకో. కుదరకపోతే మీ తాతయ్య చదివినా సరే, ఆయనకీ తెలియాల్సిన సంగతే.

నాకు కోపంగా ఉంది. మేడమ్ మీద కాదు, మా నాన్న మీద. నువ్వు ఒక్కో జవాబు ఎంత కష్టపడి నేర్చుకుంటావో నాకు తెలుసు. టేపులో వినీ, బొమ్మలు గీసీ, మట్టితో చేసీ నేర్చుకున్నదాన్ని ఆయన ఒక్క "కావున"తో నీళ్ళపాలు చేశాడు.

మేడమ్‌తో మాట్లాడాను. చివరి అవకాశం ఒకటి ఇస్తామన్నారు, కానీ రైటర్ మారాలి. బ్యాంకులో పనిచేసే ఒకావిడ ఉందట. చేతిరాత ముత్యాల్లా ఉంటుందట, అనవసరంగా ఒక్క మాట మాట్లాడదట. నాన్న బాధపడతాడని తెలుసు. పడనీ. ఆయన మనసు కన్నా నీ సంవత్సరం ముఖ్యం. నువ్వే మెల్లగా చెప్పు, నీ మాటైతే వింటాడు. సరేనంటే ఆవిడకి కబురు పెడతాను.

మీ పెద్దమ్మ


ఇంటి నుంచి, తాతయ్య రాతబల్ల దగ్గర
చలి మొదలైంది

పెద్దమ్మా,

ఇప్పుడు నేను చెప్పే ప్రతి ముక్కా తాతయ్య రాయాల్సిందే. అదే ఆయనకి శిక్ష.

నీ ఉత్తరం వచ్చిన రోజు తాతయ్య కళ్ళజోడు తుడుచుకుని చదివాడు. "మీ పెద్దమ్మ క్షేమం. బల్ల కింద పిల్లాడు క్షేమం. నిన్ను బాగా చదువుకోమంది. నన్ను ఆరోగ్యం చూసుకోమంది. అంతే." రెండు వైపులా నిండా ఉన్న కాగితం, ఒక్క గుక్కలో అయిపోయింది! పైగా నువ్వు నాన్న ఆరోగ్యం అడగడమా? అక్కడే దొరికిపోయాడు.

(నేను చదివినది సారాంశము. —రైటరు)

మాట్లాడకుండా రాయి తాతయ్యా.

మధ్యాహ్నం ఆయన కునుకు తీస్తుంటే ఉత్తరం పట్టుకుని మేడ మెట్ల మీదికి వెళ్ళాను. నువ్విచ్చిన అట్టముక్క పెట్టుకుని ఒక్కో వరసే చదివాను. వెళ్ళినప్పుడు ఎండ పై మెట్టు మీద ఉంది. అయిపోయేసరికి కింది గడప దాటిపోయింది. ఒక ఉత్తరం మొత్తం నేనే చదువుకోవడం ఇదే మొదటిసారి. అందులో ఉన్నది ఇదా అని ఏడ్చాను, చదివేశానని నవ్వాను. పక్కింటావిడ చూసి అమ్మకి చెప్పింది, మీ పిల్లకి గాలి తగిలిందేమోనని.

నాకు బ్యాంకావిడ వద్దు. ఎందుకో చెప్తాను, కోప్పడకు. నేను మాట వెతుక్కుంటూ ఆగిపోతే అందరూ ఏదో ఒకటి చేస్తారు. గడియారం చూస్తారు, కిటికీలోంచి చూస్తారు, లేదా వాళ్ళే మాట అందించేస్తారు. తాతయ్య ఒక్కడే కలం ఎత్తి పట్టుకుని ఊరికే కూర్చుంటాడు. గొడుగు కింద ఎంతమంది తమ కష్టం చెప్పుకోలేక ఆగిపోయారో, అందరి కోసం అలాగే కూర్చుని ఉంటాడు. ఆయన ముందు ఆగితే నాకు సిగ్గెయ్యదు. కొత్త మనిషి ముందు నాకు వచ్చిందీ పోతుంది.

ఈ మాటలు రాస్తూ ఆయన ముక్కు ఎగబీలుస్తున్నాడు. అది రాయొద్దన్నాడు. రాయించాను.

అందుకని, పెద్దమ్మా, నాకూ ఒక స్పెషల్ స్టూడెంట్ దొరికాడు. తెలివైనవాడే. కానీ ఉన్నది ఉన్నట్టు రాయలేడు, అదొక్కటే ఇబ్బంది. నువ్వు నాకు చేసినవన్నీ ఆయనకి చేస్తాను. తిట్టను. వెక్కిరించను (ఇది కష్టం). చిన్న చిన్న ముక్కలు. అలసిపోతే ఆపేస్తాం. నిన్న సబ్బు కాగితం మీద ఉన్నది చెప్పి రాయించాను. "చల్లని ప్రదేశంలో ఉంచండి" దాకా బాగానే వచ్చాడు. తర్వాత సబ్బు కరిగిపోతోందని జాలిపడ్డాడు.

మేడమ్‌తో ఇంకొక్కసారి మాట్లాడవా?

నీ వసపిట్ట


మెట్ల కింద గది
పరీక్షలకి ఇంకా కొంచెం వ్యవధి ఉంది

వసపిట్టా,

ఉత్తరం మొత్తం నువ్వే చదివావన్న వాక్యం దగ్గర నేను ఆగిపోయాను. తర్వాతిది చదవడానికి కాసేపు పట్టింది. అక్షరాల తప్పు కాదు, నా కళ్ళది.

సరే, పంతం వదిలేశాను. మేడమ్‌తో మాట్లాడాను. "మీ కుటుంబమంతా ఇంతేనా?" అన్నారు. ఇంతేనండీ అన్నాను. ఒప్పుకున్నారు, కానీ పరీక్ష ఆసాంతం మీ వెనకే నిలబడతారట. ఒక్క మాట ఎక్కువ కనిపించినా పేపర్ అక్కడికక్కడే తీసేసుకుంటారు. ఇక నేను కూడా ఏం చెయ్యలేను.

కొత్త పంతులమ్మకి ఒక చిట్కా. నా బల్ల కింద పిల్లాడికి గోల భరించలేనప్పుడు నొక్కుకోమని ఒక పెద్ద కోటు గుండీ ఇచ్చాను. అరవబోయినప్పుడల్లా దాన్ని నొక్కుతాడు. అలాంటిదే ఇందులో పెట్టాను. "కావున" పొంగుకొచ్చినప్పుడల్లా నీ విద్యార్థిని ఎడమచేత్తో నొక్కుకోమను.

నాన్నా, పోగొట్టకు. నోట్లో పెట్టుకోకు.

మీ పెద్దమ్మ


ఇంటి నుంచి, తాతయ్య రాతబల్ల దగ్గర
ఎండలు ముదురుతున్నాయి

పెద్దమ్మా, ఎలా ఉన్నావ్?

మేము బాగున్నాం. రేపు సైన్సు పరీక్ష. తాతయ్య మంచి విద్యార్థి. మొదట్లో గుండీ నొక్కి నొక్కి బొటనవేలు వాచింది. ఇప్పుడు నొక్కడం తగ్గింది. అమ్మ కూరగాయలు తెమ్మని చీటీ రాయమంటే ఒట్టి కూరగాయల పేర్లే రాశాడు. అమ్మ భయపడి జ్వరమేమోనని నుదురు పట్టుకు చూసింది.

ఈ ఉత్తరంలో ఒక్క బ్రాకెట్టు లేదు. చూశావా?

నీ వసపిట్ట


ఇంటి నుంచి
పరీక్ష రోజు సాయంత్రం

చిరంజీవి పెద్దమ్మాయికి మీ నాన్న ఆశీర్వదించి రాయునది.

ఇది ఎవరో చెప్పగా రాస్తున్న ఉత్తరం కాదు. పిల్ల లోపల నిద్రపోతోంది.

మేడమ్‌గారు అన్నట్టే వెనకాల నిలబడ్డారు. అటూ ఇటూ నడుస్తుంటే చెప్పుల చప్పుడు నా వీపు మీదే నడిచినట్టుంది. గుండీ ఎడమచేతిలో పెట్టుకున్నాను. పిల్ల చెప్తోంది, నేను రాస్తున్నాను. ఎంత చక్కగా చెప్పిందనుకున్నావు! అది ఆగినప్పుడు నేను ఆగాను. ఒక్క కావున లేదు, ఒక్క ప్రార్థన లేదు. నీ మీద ఒట్టు.

చివర్లో వచ్చింది తల్లీ ఆ ప్రశ్న. మనిషి గుండెలో గదులెన్ని అని. అది పిల్లకి కొట్టినపిండి. మెట్ల మీద చెప్పింది, వంటింట్లో చెప్పింది, స్నానాల గదిలోంచి అరిచి చెప్పింది. వినీ వినీ సైన్సు రాని నాకే వచ్చేసింది. పైన రెండు, కింద రెండు. నేను హాయిగా కలం పెట్టాను. చెప్పుల చప్పుడు సరిగ్గా మా వెనక ఆగింది. పిల్ల కాసేపు ఊరుకుని, "గుండెకి మూడు గదులు" అంది.

నేను దగ్గలేదు. తలెత్తలేదు. గుండీ నొక్కాను. ముక్కూ మొహం తెలియనివాళ్ళ కోసం లేనిపోనివన్నీ రాశానే, నా మనవరాలి కోసం ఒక్క అంకె మార్చలేనా అనిపించింది. అది కంగారుపడకపోతే చెప్పేది నాలుగేనని నాకు తెలుసు. తెలిసి, మూడు అని రాశాను. నా జన్మలో అంత చిన్న వాక్యం రాయడానికి అంత సేపు పట్టలేదు.

పరీక్షయ్యాక మేడమ్‌గారు ఆ కాగితం చూశారు, నన్ను చూశారు. "ఇక నేను నిలబడక్కర్లేదు. ఈ అమ్మాయి ఈ బడిలో ఉన్నంతకాలం మీరే రాయండి" అన్నారు. సంతోషించాల్సిన మాట. కానీ ఇంటికొచ్చాక నాకు ముద్ద దిగలేదు. పిల్ల భయపడి మర్చిపోయింది. వెనకాల మనిషి నిలబడబట్టి మర్చిపోయింది. ఆ మనిషి అక్కడ నిలబడింది నా మూలాన. తప్పు చెప్పావని దానితో అనలేదు. మెల్లగా మళ్ళీ మొదటినుంచి నేర్పుకుంటాను.

మీ నాన్న


మేడ మెట్ల మీద
ఫలితాలు వచ్చాక

పెదమ్మా,

వత్తు మర్చిపోయాను. ఇప్పుడు పెడితే కాగితం పాడవుతుంది. ఉండనీ.

ఇది నా చేత్తో నేనే రాస్తున్నా. తాతయ్యకి చెప్పి రాయించే సంగతి కాదు. అందుకే చిన్న చిన్న మాటలు. చాలాసార్లు ఆగాను. చెయ్యి నొప్పి.

నేను పాసయ్యాను. పై తరగతికి వెళ్తున్నా. అది అమ్మ నీకు చెప్పే ఉంటుంది. ఇది ఎవరికీ తెలీదు.

గుండెకి నాలుగు గదులు. నాకు తెలుసు.

ఆ రోజు అన్నీ సరిగ్గా వచ్చేస్తున్నాయి. మేడమ్ చెప్పులు నా వెనకే ఆగాయి. అన్నీ సరిగ్గా ఉంటే తాతయ్యే రాస్తున్నాడు అనుకుంటారు. ఒకటి తప్పు ఉండాలి. అది తప్పని తాతయ్యకి బాగా తెలియాలి. అందుకే మూడు అన్నా.

అన్నాక భయమేసింది. మార్కుల గురించి కాదు. కలం ఆగిపోయింది. నాలుగు రాసేస్తాడేమో అని. రాస్తే అంతా పోయేది. ఆయన చెవులు ఎర్రగా అయ్యాయి. మూడు రాశాడు.

అందరూ నన్ను దిద్దుతారు పెదమ్మా. నా తప్పు నాకు ఉంచినవాళ్ళు ఎవరూ లేరు. ఆయన ఉంచాడు.

ఆయనకి చెప్పకు. చెప్తే నా మీద నాకే అర్జీ పెడతాడు.

రోజూ సాయంత్రం నాకు గుండె పాఠం చెప్తున్నాడు. బొమ్మ వేస్తాడు. రంగులు వేస్తాడు. తిట్టడు. నవ్వడు. చాలా మెల్లగా, వారానికి ఒక్క గది. నేను కొత్తగా విన్నట్టు వింటున్నా.

నిన్న ఆఖరి గది అయింది. మొత్తం ఎన్ని అని అడిగాడు. నేను కాసేపు ఆలోచించాను. ఆయన ఊరికే కూర్చున్నాడు. వేళ్ళు మడిచి, నాలుగు అన్నాను.

తాతయ్య మొహం నువ్వు చూడాల్సింది.